అందరికీ ముప్పై ఎనిమిదే

ముందు బంతి చప్పుడు వినిపిస్తుంది. టప్, టప్, టప్. రేకుల కప్పు కింద ఆ చప్పుడు పైకి లేచి, ఇనుప దూలాల మధ్య కాసేపు తచ్చాడి, తీరిగ్గా కిందికి దిగుతుంది. ఉన్నట్టుండి చెక్కల నేల మీద ఒకచోట 'తుప్' అంటుంది, తడిగుడ్డ మీద పడినట్టు. ఆ వెంటనే సామాన్ల గది లోపల్నుంచి ఒక గొంతు:

"ఎడమ మూల, నాలుగో చెక్క! దాని మీదికి ఎందుకెళ్ళావమ్మా?"

మనిషి మాత్రం కనపడడు. అరనిమిషం తర్వాత ఒక చేతిలో గాలిపంపు, ఇంకో చేతిలో ముడతలు పడ్డ బంతితో తలుపు దగ్గరికి వస్తాడు. యాభై ఒక్క ఏళ్ళ మనిషి. మోకాళ్ళు కొంచెం ముందే వంగి ఉంటాయి, ఏ క్షణానైనా బల్ల మీద కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆయన సహాయ కోచ్. అటెండరు నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ ఆయన్ని రెండో సారు అనే పిలుస్తారు. జీతాల పట్టీలో అసలు పేరు ఉంటుంది గానీ, దాన్ని పైకి చదివితే ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు, ఎవర్నో పిలుస్తున్నారని.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఐదుగురు పెద్ద కోచ్‌ల పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడు అన్నది ఊరికే అన్న మాట కాదు. ఆట జరుగుతున్నప్పుడు ఇద్దరు కోచ్‌లలో ఒక్కరే నిలబడాలని రూలు. పెద్దాయన నిలబడి చేతులూపుతాడు, అరుస్తాడు, నుదురు కొట్టుకుంటాడు. రెండోవాడు బల్ల చివర కూర్చుని, ఆయన చొక్కా వెనకభాగం చూస్తాడు. ఐదు చొక్కాల వెనకభాగాలు రెండో సారుకు కంఠతా వచ్చు. జీవితంలో ఆయన కోరిక పెద్దదేమీ కాదు. ఒక్క ఆటైనా మొదలు నుంచి చివరిదాకా నిలబడి చూడాలి.

ఈ కాలేజీలో పెద్ద కోచ్‌ను వెతకడం ఉయ్యాల ఊగడంలాంటిది. ఓసారి కుర్రవాణ్ణి తెస్తారు. జట్టు ఓడుతుంది. "కుర్రాళ్ళు ఉరుకుతారే గానీ ఊహించరు" అని తీర్మానించి ఓ తలనెరిసిన ఆయన్ని తెస్తారు. జట్టు మళ్ళీ ఓడుతుంది. "పెద్దవాళ్ళు ఊహిస్తారే గానీ ఉరకరు" అని ఉయ్యాల మళ్ళీ వెనక్కి. రెండో సారు రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. ముప్పై నాలుగేళ్ళప్పుడు "ఇంకా కుర్రాడివేనయ్యా, కొంచెం అనుభవం రానీ" అన్నారు. నలభై ఆరేళ్ళప్పుడు "ఈ వయసులో ఇంకేం పరిగెడతారండీ" అన్నారు. మొదటిసారి 'అయ్యా', రెండోసారి 'అండీ'. మధ్యలో దక్కింది ఆ గౌరవమే.

"ఈ పన్నెండేళ్ళ మధ్యలో ఏదో ఒక మధ్యాహ్నం నాకు సరైన వయసు ఉండే ఉంటుంది బావా" అన్నాడాయన ఆ సాయంత్రం లెక్కల సారుతో. "ఆ పూట కమిటీ కూర్చోలేదు, అంతే."

లెక్కల సారుకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు. రోజూ ఒకే బల్ల మీద టీ తాగగా తాగగా బావలయ్యారు.

ఆ రోజే రెండో సారు ఇంకెప్పుడూ దరఖాస్తు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు ఐదేళ్ళు ఉంది. ఐదో పెద్ద కోచ్ వేరే కాలేజీకి వెళ్ళిపోయిన రోజున ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"ఏమండీ, వేస్తున్నారా లేదా?" అని అడిగింది భార్య. ఆమె దర్జీ. జట్టు చొక్కాల మీద అంకెలు కుట్టేది ఆమే.

"యాభై ఒకటి నాకు. వచ్చేసారి ఖాళీ వచ్చేసరికి యాభై ఆరు."

"అందుకే అడుగుతున్నా. ఇది పోతే ఇక బల్లే మీకు గతి."

ఒట్టు తీసి గట్టున పెట్టి దరఖాస్తు రాశాడు.

ఈసారి కమిటీకి పెద్దగా చరిత్ర మేడమ్ కూర్చుంది. ఆమె న్యాయం తప్పని మనిషి. ఎవరి ముఖమూ చూడకుండా న్యాయం చెయ్యాలన్నది ఆమె నియమం కాబట్టి, అభ్యర్థుల్ని పిలవనే లేదు. "అనుభవం గొప్పదా, యవ్వనం గొప్పదా అని ఇంక వాదన వద్దు" అంది. "రెండింటికీ సమానంగా మార్కులేద్దాం. నేర్పిన ప్రతి ఏడాదికీ ఒక మార్కు. ఇక యవ్వనం సంగతి. అరవైకి రిటైర్‌మెంటు కదా, అరవైకి ఎన్నేళ్ళు తక్కువుంటే అన్ని మార్కులు. రెండూ కలపండి. ఎవరికెక్కువ వస్తే వాళ్ళే."

ప్రిన్సిపాల్ ఆనందంతో బల్ల చరిచాడు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉయ్యాల ఒక్క వాక్యంతో ఆగింది. తీర్మానం రాశారు, ముద్ర కొట్టారు, పైవాళ్ళకు పంపారు. ఇది ఆటల వ్యవహారం కాబట్టి లెక్కల సారును కమిటీలోకి పిలవలేదు.

నలుగురే అభ్యర్థులు. మార్కుల పట్టీ నోటీసు బోర్డు మీద పెట్టారు. పేర్లు లేవు, అంకెలే. మొదటి అభ్యర్థికి యాభై ఎనిమిదేళ్ళు, అనుభవం ముప్పై ఆరు. గదినిండా గెలిచిన కప్పులున్న కోచ్ ఒకాయన ఉన్నాడు, అందరికీ తెలిసినవాడు, అతనే అయ్యుండాలి. రెండుకు ముప్పై ఆరు కలిపితే ముప్పై ఎనిమిది. రెండో అభ్యర్థికి ఇరవై ఏడేళ్ళు, అనుభవం ఐదు. ముప్పై మూడుకు ఐదు, ముప్పై ఎనిమిది. మూడోది రెండో సారే. తొమ్మిదికి ఇరవై తొమ్మిది, ముప్పై ఎనిమిది. నాలుగో అభ్యర్థికి ఇరవై ఐదేళ్ళు, అనుభవం మూడు. ముప్పై ఐదుకు మూడు, ముప్పై ఎనిమిది.

బోర్డు ముందు గుంపు చేరింది. నలుగురూ కూడబలుక్కున్నారని కొందరన్నారు. ప్రిన్సిపాల్ మూడుసార్లు కూడించాడు, ఒకసారి కింది నుంచి పైకి కూడా. అప్పుడు టీ గ్లాసుతో అటుగా వచ్చిన లెక్కల సారు బోర్డు వైపు చూశాడు. ఒక్క గుటక తాగాడు. నవ్వడం మొదలుపెట్టి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అటెండరు చేతికిచ్చాడు.

"ఏంటయ్యా ఆ నవ్వు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఏం లేదు సార్. మనిషికి ఒక ఏడు గడిస్తే అనుభవం ఒకటి పెరుగుతుంది, యవ్వనం ఒకటి తరుగుతుంది. తక్కెడ రెండు పళ్ళేల్లోనూ ఒకే మనిషిని కూర్చోబెట్టారు. అందరూ ఇరవై రెండేళ్ళకు డిప్లొమా పట్టుకుని మొదలుపెట్టినవాళ్ళే. ఇంకో వందమంది వచ్చినా అందరికీ ముప్పై ఎనిమిదే."

"మరి ఎవరికి ఎక్కువ రావాలి?"

"ఎవరు చిన్నప్పుడే మొదలుపెడితే వాళ్ళకు. మీ లెక్క తూచేది అదొక్కటే."

ఎవరికైనా ఇక్కడ సిగ్గేస్తుంది. చరిత్ర మేడమ్‌కు మాత్రం దారి కనిపించింది. "అయితే అదే చూద్దాం" అందామె తాపీగా. "తీర్మానం మార్చడానికి వీల్లేదు. డిప్లొమాకు ముందు నేర్పినా లెక్కలోకి తీసుకుందాం. అప్పటి కోచ్ సంతకంతో సర్టిఫికెట్ ఉండాలి. ఏడాదిలో కొన్నాళ్ళు నేర్పినా ఏడాదే." ఈ చివరి నియమం ఆమెకు బాగా తెలుసు. ఆమె సర్వీసు కూడా అలాగే లెక్కగట్టారు.

ఆ మధ్యాహ్నం రెండో సారు ఇంటికి నడుస్తున్నాడో పరిగెడుతున్నాడో ఆయనకే తెలియలేదు. ఇదే కాలేజీలో చదువుకునే రోజుల్లో, తన ఇరవయ్యో ఏట, అప్పటి పెద్ద సారుకు కాలు విరిగింది. రెండేళ్ళు సాధన చేయించింది తనే. పెద్ద సారు మంచం మీది నుంచి ఒక కాగితం రాసిచ్చాడు. అదెక్కడ?

భార్య కొలతల పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోకుండా లోపల అతికించిన కాగితాన్ని ఆవిరి పట్టి, వేలిగోటితో మెల్లగా లేపింది. సిరా వెలిసి లేత ఊదారంగుకు తిరిగింది, తెల్లవారబోయే ఆకాశంలా. సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

"నేను అట్టకి అంటించానని ఆ రోజు ఎంత గోల చేశారు!" అంది ఆమె. "మీ దగ్గరే ఉంటే దాంతో పంపు తుడిచేసేవారు."

ఇరవయ్యో ఏట మొదలు. అంటే నలభై మార్కులు. నలభైని ఆయన ఆ రోజంతా నోట్లో బెల్లంముక్కలా చప్పరించాడు. భార్య ఏమీ అడక్కుండానే ఆయన నీలంచొక్కా తీసి, కాలరు తిరగేసి కుట్టింది. నిలబడేవాడి చొక్కా వెనకనుంచి కూడా బాగుండాలి కదా.

మూడో రోజు కమిటీ నుంచి ఆయన పేరుమీద కవరొచ్చింది. నవ్వుతూ చించాడు. 'నాలుగో అభ్యర్థి దాఖలు చేసిన తొమ్మిది సర్టిఫికెట్లపై మీ సంతకం ఉన్నది. అవి నిజమో కాదో రాతపూర్వకంగా రేపు సాయంత్రంలోగా తెలుపగలరు.' కింద తొమ్మిది నకళ్ళు. అన్నిటి మీదా ఆయన గుండ్రటి చేతిరాతే. అన్నిటి మీదా ఒకే పేరు. ఆ పేరున్న అమ్మాయిని ఆయన ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. చిన్నదైనా ఘాటని మిరియం అనేవాడు.

మిరియం పదమూడేళ్ళ వయసులో, ఈ హాల్లోనే ఆయన నడిపే వేసవి శిబిరానికొచ్చింది. గుప్పెడంత పిల్ల. ఆ ఏడాది ఆయనకు నడుం పట్టేసి, నలభై రెండు రోజులూ బల్ల మీద పడుకునే శిబిరం నడిపాడు. ఇరవైమంది బుడతలకు బంతి కొట్టడం ఎవరు నేర్పాలి? మిరియం నేర్పింది. చివరిరోజు అందరికీ రాసినట్టే 'పాల్గొన్నది' అని రాయబోతే పెన్ను పట్టుకుంది. "అలా రాయొద్దు సార్. 'నేర్పింది' అని రాయండి. నేర్పాను కదా!" ఆయన నవ్వి, రాశాడు. తర్వాత ఎనిమిది వేసవులూ వచ్చింది, నేర్పింది, రాయించుకుంది.

పదమూడో ఏట మొదలు. నలభై ఏడు.

"మిమ్మల్నే అడిగారేంటండీ? మీరు కూడా పోటీలో ఉన్నారని తెలీదా వాళ్ళకి?" అంది భార్య.

అదే మాట లెక్కల సారు వెళ్ళి చరిత్ర మేడమ్‌ను అడిగొచ్చాడు. "సంతకం చేసినవారినే అడగడం పద్ధతి. ఆయన అభ్యర్థి అన్న సంగతి వేరే ఫైల్లో ఉంది" అన్నదట ఆమె.

రెండో సారు చిత్తుకాగితం మీద ఓ వాక్యం రాశాడు. 'చిన్నపిల్లను సంతోషపెట్టడానికి సరదాగా రాసిచ్చినవి.' చదువుకున్నాడు. అబద్ధంలా లేదు. ఆ రోజు నవ్వుతూ రాసిన మాట నిజమే కదా. భార్య భుజం మీదుగా చూసింది.

"బాగానే ఉంది" అంది. "మరి మీ పెద్ద సారు మీకు రాసిందో? కాలిరిగి పడుకున్న మనిషి, కుర్రాడు ముచ్చటపడుతున్నాడు కదా అని సరదాగా రాశాడేమో."

"అదేంటి! రెండేళ్ళు నేర్పాను నేను!"

"ఆ పిల్ల తొమ్మిదేళ్ళు నేర్పింది." ఆమె మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. "నాకేం తెలీదులెండి. నేను కొలతలు తీసేదాన్ని. ఒకరికి ఒక టేపు, ఇంకొకరికి ఇంకో టేపు పెడితే కుట్టించుకునేవాళ్ళు తిడతారు."

మర్నాడు పొద్దున మిరియమే హాలుకు వచ్చింది. గుప్పెడంత పిల్ల కాదిప్పుడు, తలుపు కింద కొంచెం వంగి రావలసినంత మనిషి. ఆయనా పోటీలో ఉన్నాడని నోటీసు బోర్డు ముందు ఎవరో చెప్పారట.

"ఏంటి సార్ ఇది! ఇంకెప్పుడూ వెయ్యనన్నారు కదా!"

"కోపంలో అన్నాలే."

"అది కోపమని నాకెలా తెలుస్తుంది సార్? మీరెప్పుడూ ఒకేలా మాట్లాడతారు." ఆమె గుమ్మంవైపు తిరిగింది. "నేను వెనక్కి తీసుకుంటా. ఇప్పుడే వెళ్ళి రాసిచ్చేస్తా."

"అవతలి జట్టు రాలేదని ఇచ్చే కప్పు నాకెందుకే? అలాంటివి కావాలంటే ఆ కప్పులాయన దగ్గర సగం అవే." పంపు పక్కన పెట్టాడు. "నువ్వు వెనక్కి తీసుకున్నా, నీ కాగితాలు నిజమా కాదా అన్న ప్రశ్న నా జేబులోనే ఉంటుంది. సరే గానీ, ఒకటి చెప్పు. పోస్టు నీకొచ్చిందనుకో. మొదట ఏం చేస్తావు?"

ఐదుగురు పెద్ద కోచ్‌లనూ ఆయన ఈ ప్రశ్న అడిగాడు. కొత్త వ్యూహమని ఒకరు, క్రమశిక్షణ అని ఒకరు, కొత్త చొక్కాలని ఇద్దరు. ఐదో ఆయన తనను సార్ అని పిలవాలన్నాడు.

మిరియం కింద ఉన్న బంతి తీసుకుని ఎడమ మూలకు నడిచింది. టప్, టప్, టప్. తుప్.

"ఈ చెక్కని మార్చనివ్వను" అంది. "ఇక్కడ బంతి లేవదని మనకి తెలుసు, వచ్చేవాళ్ళకి తెలీదు. తరిమి తరిమి వాళ్ళని ఈ మూలకి తెస్తాం. మొదటి వేసవిలోనే మీకు చెప్పాను, ఇక్కడ బంతికి జలుబు చేసింది సార్ అని. మీరు ఎవరికీ చెప్పకన్నారు."

ఐదుగురు పెద్ద కోచ్‌లు ఆ చెక్క మీదుగా ఇరవై తొమ్మిదేళ్ళు నడిచారు. ఒక్కరి చెవికీ అది వినపడలేదు. రెండో సారు కిటికీ వైపు తిరిగి, లేని దుమ్ము తుడిచాడు.

"ఇంటికెళ్ళవే. నాకు రాసుకునే పనుంది."

సామాన్ల గదిలో, వలల మూట మీద కూర్చుని రాశాడు. 'తొమ్మిదీ నిజం. మొదటి ఏడాది నేను నడుం నొప్పితో పడుకుని ఉన్నాను. నేర్పింది ఈమే.' సంతకం చేసి, ఆరిందాకా ఊదాడు. తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. చరిత్ర మేడమ్ చదివి, "ధన్యవాదాలండీ, ఇలాంటి నిష్పాక్షికత ఉన్నవాళ్ళే పెద్ద బాధ్యతలకు తగినవాళ్ళు" అని మెచ్చుకుని, కాగితాన్ని ఫైల్లో పెట్టింది. ఆ ఫైలు వేరే.

ఫలితం అందరికీ తృప్తినిచ్చింది. ప్రిన్సిపాల్ వార్షిక నివేదికలో, అనుభవాన్నీ యవ్వనాన్నీ శాస్త్రీయంగా సమతూకం చేసి, పన్నెండేళ్ళ అనుభవమున్న ఇరవై ఐదేళ్ళ కోచ్‌ను సాధించామని రాశాడు. ఇతర కాలేజీలు ఆ పద్ధతి నకలు అడిగి తీసుకెళ్ళాయని వినికిడి. లెక్కల సారు నెలరోజులు ఆ బల్ల దగ్గర టీ తాగలేదు. తాగితే నవ్వొచ్చి పొలమారుతోందట.

మొదటి ఆట రోజున రెండో సారు నీలంచొక్కా వేసుకుని, అలవాటు ప్రకారం బల్ల చివర కూర్చున్నాడు. జట్టు కోర్టులోకి దిగింది. మిరియం వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

"నిలబడవేంటమ్మా? ఆట మొదలవుతోంది."

"నాకు కూర్చుంటేనే బాగా కనపడుతుంది సార్. ఇద్దర్లో ఒకరు నిలబడొచ్చు కదా. మీరు నిలబడండి."

"పెద్ద కోచ్ నువ్వు!"

"అందుకే చెబుతున్నా. లేవండి."

ఆయన లేచాడు. మోకాళ్ళు నమ్మలేదు, ఒకసారి ఆగి చూసుకున్నాయి. ముందు ఏ చొక్కా లేదు. కోర్టంతా ఒక్కసారిగా, వాన వెలిసిన మైదానంలా, ఆ కొస నుంచి ఈ కొస దాకా తెరుచుకుంది. ఆట సగంలో ఉండగా వెనక వరుసలోంచి చరిత్ర మేడమ్ గొంతు వినిపించింది. "కాస్త కూర్చుంటారా అండీ? అడ్డమొస్తున్నారు, ఏమీ కనపడటం లేదు."

రెండో సారు కూర్చోలేదు. ఉద్యోగంలో చేరాక కమిటీ మాట వినకపోవడం అదే మొదటిసారి.

జట్టు ఆ ఆట ఓడిపోయింది, రెండు పాయింట్ల తేడాతో. "కుర్రతనం" అన్నారు కొందరు బయటికి వెళుతూ. ఉయ్యాల తాడు సన్నగా కిర్రుమంది.

ఈ సంగతులన్నీ రాసుకోవడానికి ఒక సాయంత్రం హాలుకు వెళ్ళి, ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, వెళ్ళేముందు ఒకే ఒక్క మాట అడిగాను: ఆ సంతకం పెట్టినందుకు ఎప్పుడైనా బాధ కలిగిందా? ఆయన తల ఓ పక్కకు వాల్చి వింటున్నాడు. టప్, టప్, టప్. తుప్.

"బాధెందుకండీ? ముప్పయ్యేళ్ళుగా ఈ కాలేజీకి నేను రాసిచ్చిన కాగితాల్లో వాళ్ళు చదివి, నమ్మింది అదొక్కటే. కాస్త కాళ్ళు పక్కకి పెట్టుకోండి, బంతి ఇటే వస్తోంది."